ఫలిత పక్షపాతం

ఒక నిర్ణయపు మంచిచెడ్డలను, అది తీసుకున్ననాటి సమాచారాన్ని బట్టి గాక, తరువాత వచ్చిన ఫలితాన్ని బట్టి తూచడాన్ని ఫలిత పక్షపాతం అంటారు. జొనాథన్ బారన్, జాన్ హెర్షే అనే పరిశోధకులు దీనిపై 1988లో ప్రయోగ ఫలితాలను ప్రచురించారు.

పేకాటలో

పోకర్ ఆటలో చివరి ముక్క తిప్పకముందు, కనబడని 46 ముక్కలలో 9 మాత్రమే ఆటగాడిని గెలిపించగలవనుకుందాం. అంటే అవకాశం 20 శాతం లోపే. 100 బిళ్ళలు గెలవడానికి మరో 100 బిళ్ళలు ఒడ్డాలంటే కనీసం 50 శాతం అవకాశం ఉండాలి. కోరిన ముక్క వచ్చి గెలిచినా ఆ పందెం తప్పు నిర్ణయమే. అందువలన నేర్పరులు ఓడిన ఆటలతోపాటు గెలిచిన ఆటలను కూడా సమీక్షించుకుంటారు.

పోటీ పరీక్షలలో

హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్ నగర్ శిక్షణ కేంద్రాలు పోటీ పరీక్షల అభ్యర్థులకు నెలవులు. సివిల్స్ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపరులో సరైన జవాబుకు 2 మార్కులు వస్తాయి. తప్పు జవాబుకు అందులో మూడవ వంతు కోత పడుతుంది. నాలుగింటిలో ఒకదానిని గుడ్డిగా ఎంచుకుంటే సగటు లాభం సున్న. రెండింటిని సరిగా తొలగించి ఎంచుకుంటే సగటున సుమారు 0.67 మార్కు లభిస్తుంది. నమూనా పరీక్షలో ఊహలు ఫలించి మంచి మార్కులు వచ్చిన అభ్యర్థి, ఏడాదికొక్కసారే జరిగే అసలు పరీక్షలో అదే పద్ధతితో నష్టపోవచ్చు. ‘కీ’ చూడకముందే ప్రతి జవాబు పక్కన తెలిసినది, తొలగింపు, ఊహ అని గుర్తు పెట్టుకుంటే, సరైన జవాబుల మాటున దాగిన తెలియని అంశాలు బయటపడతాయి.