జ్వరం మందు సీసా మీది వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: ప్రతి 5 మి.లీ.లో పారాసిటమాల్ 250 మి.గ్రా. వాడే ముందు బాగా కుదపండి. మోతాదు: వైద్యుని సూచన మేరకు.

పిల్లలున్న ఇంట్లో ఈ సీసా ఉండనే ఉంటుంది. దాని మీద కాస్త అటూ ఇటూగా ఇదే వాక్యం, చాలావరకు ఇంగ్లీషులో, భూతద్దానికి కూడా సరిగా అందని అక్షరాల్లో ఉంటుంది. ఇందులో రెండు రకాల కొలతలున్నాయి. అవి కలగాపులగమైతే దెబ్బతినేది బిడ్డ కాలేయం. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

250 మి.గ్రా.: వరస తప్పించి ఇక్కడ మొదలుపెడుతున్నాను, ఎందుకంటే అసలు మందు ఇదే. తీపి, రంగు, వాసన, నీరు అన్నీ దీన్ని గొంతు దించడానికి కలిపినవి. గ్రాములో వెయ్యో వంతు మిల్లీగ్రాము. అంటే ఇక్కడున్నది పావు గ్రాము. 1958 అక్టోబరు నుంచి మన దేశంలో మెట్రిక్ తూకాలు అమల్లోకి వచ్చాయి, గ్రాములూ కిలోలూ మన నోటికి అలవాటయ్యాయి. మిల్లీగ్రాము మాత్రం ఇంకా డాక్టర్ల లెక్కగానే మిగిలిపోయింది. అలా మిగలకూడదు. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., మోతాదుకూ మోతాదుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఈ లెక్కన 12 కిలోల బిడ్డకు ఒక్కసారికి ఎక్కువలో ఎక్కువ 180 మి.గ్రా.

ప్రతి 5 మి.లీ.లో: ఇది మందు కొలత కాదు, మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే మాట. ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మన సీసాలో మి.లీ.కు 50 మి.గ్రా. ఉంది కనుక 180 మి.గ్రా.కు 3.6 మి.లీ. సరిపోతుంది. మెడికల్ షాపులో ఇదే అరలో 5 మి.లీ.కు 120 మి.గ్రా. ఉన్న సీసా కూడా దొరుకుతుంది. దానిలోంచి అయితే 7.5 మి.లీ. పట్టాలి. చంటిపిల్లల చుక్కల మందులో మి.లీ.కే 100 మి.గ్రా. ఉండవచ్చు. అప్పుడు 1.8 మి.లీ. చాలు. బిడ్డ ఒక్కటే, మందు ఒక్కటే, మి.లీ.లు మూడు రకాలు.

ఇప్పుడు పక్కింటావిడ "మా వాడికి ఏడున్నర పోస్తాం వదినా" అందనుకోండి. ఆ ఏడున్నర మన సీసాలోంచి పోస్తే 375 మి.గ్రా., రెట్టింపు దాటింది. చుక్కల మందులోంచి పోస్తే 750 మి.గ్రా., ఒక్క గుక్కలో ఆ బిడ్డ రోజంతటి హద్దు దాటిపోయింది. సీసా చిన్నది, పసివాళ్లది, కాబట్టి పలచగా ఉంటుందని అనుకుంటాం. నిజం అందుకు తలకిందులు. అమెరికాలో ఈ తికమక తొలగించడానికే 2011లో తయారీదారులు చిక్కటి చుక్కల మందు మానేసి, చంటిపిల్లలకూ పెద్దపిల్లలకూ ఒకేలా 5 మి.లీ.కు 160 మి.గ్రా. ఉండే ద్రవానికి మారారు. మన దేశంలోనూ ఆ పని జరిగితీరాలి.

బాగా కుదపండి: ఇలాంటి సీసాల్లో చాలావాటిలో పొడి పూర్తిగా కరగదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. సీసా కదలకుండా ఉంటే అడుగుకు దిగుతుంది. కుదపకుండా పోస్తే మొదటి రోజు జ్వరం తగ్గదు, సీసా అడుగుకొచ్చేసరికి మోతాదు మించుతుంది.

వైద్యుని సూచన మేరకు: ఆ సూచనకు బిడ్డ ఇవాళ్టి బరువు కావాలి. ఇంట్లో కాటా ఉంటే బిడ్డనెత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి నిలబడి తేడా తీయవచ్చు. అంగన్‌వాడీలో తూయించడం ఇంకా మేలు. మూడు నెలలలోపు పాపకు జ్వరం వస్తే మందు వెతకవద్దు, ముందు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మూలంలో లేకున్నా అధ్యాహారం చేసుకోవలసిన మాట, దేనితో: చెంచాతో మాత్రం కాదు. గ్రీసులో ఇళ్లలోని టీ చెంచాలను కొలిచి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కోదానిలో 2.5 నుంచి 7.3 మి.లీ. దాకా పట్టింది. ఉగ్గుగిన్నె సంగతీ అంతే. సీసాతో వచ్చే మూత మీద సాధారణంగా 2.5, 5, 7.5, 10 గీతలుంటాయి. 3.6కు అక్కడ చోటే లేదు. సూది లేని సిరంజే సరైనది. మోతాదు మొత్తం ఒక్కసారికే పట్టే సిరంజిల్లో అన్నిటికంటే చిన్నది ఎంచుకోవాలి: 3.6కు 5 మి.లీ.ది, 1.8కు 2 మి.లీ.ది. సిరంజి పెద్దదయ్యే కొద్దీ గీతల ఎడం పెరిగి కొలత మొరటవుతుంది.

గీత: అంకెలు చూసి తొందరపడకూడదు. 3కూ 4కూ మధ్య ఖాళీలు లెక్కపెట్టాలి, గీతలు కాదు. అయిదు ఖాళీలుంటే ఒక్కోటి 0.2, కనుక 3 దాటాక మూడో గీత 3.6. పది ఖాళీలుంటే ఒక్కోటి 0.1, అప్పుడు ఆరో గీత. సిరంజి మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయాలి. నల్ల రబ్బరుకు రెండు అంచులుంటాయి. మందును తాకే వైపు అంచు గీతతో కలవాలి, వెనక అంచు కాదు. లోపల గాలిబుడగ ఉంటే ఆ మేరకు మందు తగ్గినట్టే. సిరంజిని నిలువుగా పట్టి, వేలితో తట్టి, గాలి బయటికి నెట్టి మళ్లీ చూడాలి. మూతతోనే కొలవాల్సివస్తే దాన్ని సమంగా ఉన్న బల్ల మీద పెట్టి, మీరు వంగి కంటిని గీత ఎత్తుకు తెచ్చుకోండి. అంచుల్లో కాస్త పైకెగబాకిన ద్రవాన్ని వదిలేసి, నడుమ గుంటనే చూడాలి.

దశాంశ బిందువు: చీటీలో అర మి.లీ.ని 0.5 అనే రాయాలి. ముందు సున్నా లేకపోతే చుక్క చెరిగి 5 అవుతుంది, పదిరెట్లు.

ఈసారి జ్వరం మందు కొన్నప్పుడే 5 మి.లీ. సిరంజి ఒకటి అడిగి తీసుకోండి. దాని సూదినీ చిన్న మూతనీ పిల్లలకు అందకుండా పారేయండి. డాక్టరుగారి చేత చీటీ మీద మి.లీ. పక్కనే మి.గ్రా. కూడా రాయించుకోండి.