విద్యార్థుల స్మృతులలో వంటసాల

విద్యాదానము గొప్పదా, అన్నదానము గొప్పదా యని పెద్దలు వాదించుట కలదు. ఊరు విడిచి చదువుకొనబోయిన బాలునికి మాత్రము ఈ రెండును వేరుగా తోచవు. ఉదయమున గురువు చెప్పిన పాఠము మధ్యాహ్నమున వంటసాలలో పెట్టిన కూటిమీదనే నిలుచును. అయినను విద్యాలయముల చరిత్రలలో గురువుల పేర్లును, దాతల పేర్లును, భవనములకు శంకుస్థాపన చేసిన ప్రముఖుల పేర్లును ఉండునేగాని, వండి వడ్డించినవారి పేర్లు అరుదుగా కనబడును. పూర్వవిద్యార్థులు ఒకచోట కూడినప్పుడు మాత్రము వారి సంభాషణ తఱచుగా వంటసాలవైపే మరలును. కాగితమున చోటు దొరకనిది జ్ఞాపకమున నిలిచియున్నది. అట్టి జ్ఞాపకములకు చరిత్రలో గల విలువను విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఊరు విడిచి, ఒకచోట నివసించుచు, విద్య నేర్చుట పల్నాటికి క్రొత్త కాదు. మన వెల్దుర్తికి మాచర్ల యెంతో దూరము కాదు. మాచర్లకు ఆవలనున్న నాగార్జునకొండ లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దములయందు, ఇక్ష్వాకు రాజుల కాలమున, బౌద్ధారామములు వర్ధిల్లెను. గత శతాబ్దమున జరిపిన త్రవ్వకములలో భిక్షువుల గదులు, చైత్యములు మాత్రమేగాక భోజనశాలలును బయటపడెను. దానము చేసిన రాణుల పేర్లును, ఉపాసికల పేర్లును శిలలపై నిలిచినవి. వండినవారి శ్రమ పొయ్యి బూడిదతో కలిసిపోయినది.

తరువాతి కాలమున సంస్కృతము నేర్వగోరిన పేద బ్రాహ్మణ బాలునికి వారములే ఆధారము. ఊరిలో ఏడు గృహములవారిని వేడుకొని, ఆదివారము ఒక యింట, సోమవారము మఱియొక యింట భుజించుచు చదువు సాగించెడివాడు. ఒక యింటివారు ఊరికి పోయిన ఆ దినము పస్తే. కొందఱు ఇంటింట మధూకరమెత్తి కడుపు నింపుకొనెడివారు. ఏ యిల్లాలు పెరుగు మఱికొంచెము వేసెనో, ఏ యిల్లాలు ముఖము చిట్లించెనో ముసలితనము వఱకు వారికి జ్ఞాపకముండెడిది. అయితే ఈ సదుపాయము కులము గీచిన గీటు దాటలేదు. వారము అడుగుటకైనను వీలులేని పిల్లలు ప్రతి గ్రామమున నుండిరి.

పూటకూళ్ళ యిండ్లు కూడ ఎందఱకో చదువు చెప్పించినవి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో జన్మించిరి. తండ్రి గతించిన పిదప తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచెను. అన్నమమ్ముకొనుట నాటి సంఘమున గౌరవమైన వృత్తి కాదు. అయినను పంతులుగారు తమ స్వీయచరిత్రయగు ‘నా జీవిత యాత్ర’లో ఆ సంగతి దాచుకొనలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన మహనీయుని చదువునకు పునాది ఒక తల్లి పొయ్యిలో పడెను. తెలుగున పూటకూళ్ళమ్మకు ఇంతకు మించిన సాక్ష్యము కావలయునా?

అన్నము దొరకిన చాలదు. ఎవరి ప్రక్కన కూర్చుండి తినవలెనను ప్రశ్న మిగిలియుండును. దీనికి పల్నాడు ఎనిమిదివందల యేండ్లకు ముందే సమాధానము చెప్పినది. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు నడిపెనని మన వీరగాథలు చెప్పుచున్నవి. మాల కన్నమదాసును తన కుమారునిగా భావించి సేనాని పదవి నిచ్చెను. కారెంపూడి వీరుల ఉత్సవములలో చాపకూడు నేటికిని జరుగుచున్నది. కాని ఉత్సవమున కూడిన పంక్తి బడిలో కూడుటకు శతాబ్దములు పట్టినది. ఈ సీమలోనే వినుకొండయందు 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువ మహాకవి బాల్యమునుండియు కులము పేర అవమానములు పొందెను. చాపకూటి కథ విన్న నేలపైననే ఇది జరిగెనని మఱువరాదు.

ఈ పంక్తి వివాదము ఒక్క మన సీమదే కాదు. తమిళదేశమున చేరన్మాదేవి గ్రామములో వి.వి.ఎస్. అయ్యరు 1922లో ఒక జాతీయ గురుకులము స్థాపించెను. అందు ఇద్దఱు బ్రాహ్మణ బాలురకు వేరుగా భోజనము పెట్టుచున్నారని తెలిసి పెద్ద అలజడి చెలరేగెను. వరదరాజులు నాయుడును, ఇ.వి. రామస్వామియు ఆ పద్ధతిని ఖండించిరి. గాంధీజీ రాజీ మార్గము సూచించిరి. వివాదము చల్లారలేదు. 1925లో రామస్వామి కాంగ్రెసును విడుచుటకు దారితీసిన కారణములలో ఇదియు ఒకటి. రెండు విస్తళ్ళను వేరుగా వేసిన ఫలితము ఒక రాష్ట్ర రాజకీయమునే కదిలించెను.

తెలుగునాట ఇరువదవ శతాబ్దమున విద్యార్థి వసతిగృహములు వెలసినవి. హైదరాబాదులో 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము ఏర్పడెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణమును వహించి అందు గొప్ప గ్రంథాలయమును పెంపొందించిరి. పుస్తకమును, అన్నమును ఒకే కప్పుక్రింద సమకూర్చుట అచటి విశేషము. పట్టణములలో కులముల పేర వెలసిన వసతిగృహములు వేలమంది పల్లెటూరి బాలురకు చదువు నిచ్చినవి. పంక్తిని మాత్రము ఏ కులమునకు ఆ కులముగా వేఱు చేసినవి. పిదప ప్రభుత్వము 1971లో సర్వేలునందును, 1972లో గుంటూరు మండలమునందలి తాడికొండయందును గురుకుల పాఠశాలలు నెలకొల్పెను. అచట ప్రతిభయే ప్రవేశమునకు ఆధారమైనందున నానా కులముల బాలురు ఒక వరుసలో కూర్చుండి తినిరి. నాగార్జునకొండ భిక్షువులు భుజించిన లోయకు చేరువనే, విజయపురి సౌత్‌లో, గురుకుల కళాశాల వెలయుట చరిత్రలోని యొక చక్కని కలయిక.

జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు చాటువులు చెప్పిన సీమ యిది. 1967 ఆగస్టు 4వ తేదీన సాగరు కాలువలకు నీరు విడిచిన పిదప కాలువ క్రింది గ్రామములలో వరి ప్రబలెను. మెట్ట గ్రామములలో జొన్నసంకటియు, గోంగూరయు చాలకాలము నిలిచెను. అట్టి యింటి బిడ్డకు పూటపూటకు వరియన్నము దొరకుట యొక భాగ్యము. ఇంటి సంకటి రుచి దొరకకపోవుట యొక బెంగ. పూర్వవిద్యార్థుల మాటలలో ఈ రెండును కలిసియుండును.

స్మృతులన్నియు తీయనివి కావు. చారు నీళ్ళవలె నుండెననియు, బియ్యమున పురుగులు వచ్చెననియు, రెండవమారు అడిగిన గరిటె ఆగెననియు చెప్పువారు కలరు. నింద సాధారణముగా వంటవానిమీద పడును. కాని సామానుల కొట్టు తాళపుచెవి అతని చేతిలో ఉండదు. ఒక లెక్క చూడుడు. మధ్యాహ్న భోజన పథకమున ప్రాథమికోన్నత తరగతుల బాలునికి పూటకు 150 గ్రాముల బియ్యము ఏర్పాటైనది. నూఱుగురికి 15 కిలోలు. ఆ బియ్యము కడిగి, ఎసరు పెట్టి, గంజి వార్చి, గుండిగ దించువారు సామాన్యముగా ఇద్దఱో ముగ్గురో. కొలిచి యిచ్చిన బియ్యమే తక్కువైన ఏ చేతివాటమును నూఱు విస్తళ్ళను నింపలేదు. లెక్కపుస్తకము కొలతను చెప్పును. జ్ఞాపకము ఆకలిని చెప్పును. ఒకదానిని రెండవదానితో సరిచూడని చరిత్ర సగము చరిత్రయే.

ఇటీవలి కాలమున వండెడి చేతికి కొంత గుర్తింపు కలిగినది. బడులలో వండిన భోజనము పెట్టవలెనని సుప్రీముకోర్టు 2001 నవంబరు 28న ఆజ్ఞాపించెను. వంటవారి నియామకమున దళితులకు ప్రాధాన్య మీయవలెనని 2004 ఏప్రిలులో మరల ఉత్తరువు చేసెను. ఎవరి ప్రక్కన తినవలెనను ప్రశ్నకు తోడు, ఎవరు వండినది తినవలెనను ప్రశ్నకును ఇది సమాధానము. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ బడి భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. గోదావరి లంకల గన్నవరమున వచ్చినవారికెల్ల అన్నము పెట్టి 1909లో కన్నుమూసిన గృహిణి ఆమె. వండి పెట్టిన చేతికి పేరు దక్కిన అరుదైన సందర్భమిది.

మిగిలినవారి పేర్లు ఇంకను నోటిమాటలలోనే యున్నవి. ఆ నోళ్ళును ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. గ్రంథాలయమనగా అచ్చయిన పుస్తకముల కొట్టు మాత్రమే కాదు; ఊరి జ్ఞాపకమునకు అదియే భద్రస్థలము. వెల్దుర్తినుండియు, చుట్టుప్రక్కల గ్రామములనుండియు వసతిగృహములకు పోయి చదివి వచ్చిన పెద్దలు తమకు వండిపెట్టినవారి పేరు, ఊరు, వడ్డించిన పదార్థములు, కూర్చున్న పంక్తి యొక నోటుపుస్తకమున వ్రాసి యీ గ్రంథాలయమున ఉంచినయెడల, స్వర్ణోత్సవము నాటికి ఏ శాసనమునను లేని చరిత్ర మన అలమారలో నుండును. తిన్న ఋణము తీరునో తీరదో కాని, తిన్నామని వ్రాసియుంచుట మన వశములోని పని.