దుకాణం బంద్ అయితే అలవాటు బంద్ అయితదా?

నేను కొత్తగూడెం నుంచి. బాయి డ్యూటీ దిగినంక మందు ఇక్కడ కొత్త ముచ్చట కాదు. దుకాణం మూస్తే సరిపోతదా? చరిత్ర చూద్దాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం బంద్. 1997లో నిషేధం సడలించారు.

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగాయి. అందులో డైజీపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపేవారు. ఒక్కసారిగా ఆగేసరికి జనం వణుకు, ఫిట్స్‌తో ఆస్పత్రులకు పరుగెత్తారు. సీసా పోయింది, జబ్బు పోలేదు.

ఫ్రాన్స్‌లో 1995 నుంచి హెరాయిన్ అలవాటుకు మామూలు డాక్టర్లే బుప్రెనార్ఫిన్ రాశారు. నాలుగేళ్లలో ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి.

మన పీహెచ్‌సీలో కూడా బీపీ, షుగర్ లెక్కనే దీన్నీ చూడాలె. రోజూ తాగేటోళ్లను గదిలో పెట్టి ఒక్కరోజులో మాన్పించకండి, ప్రాణం మీదికొస్తది. డాక్టర్‌కు చూపించండి. 14446కు ఫోన్ చేసినా దారి చెప్తారు.