ఆ సరస్సును ఎవరు కనుక్కున్నారు?

నైనిటాల్ గురించి ఏ టూరిస్టు పుస్తకం తెరిచినా మొదటి వాక్యం ఇంచుమించు ఒకటే. 1841లో బారన్ అనే ఇంగ్లీషు చక్కెర వ్యాపారి ఈ సరస్సును కనుక్కున్నాడు అని. కనుక్కోవడం! అంతకుముందు ఆ కొండల్లో ఉన్నవాళ్ళకి కళ్ళు లేవా? పైగా ఆ సరస్సు పేరులోనే కన్ను ఉంది. నయన్ అంటే కన్ను, తాల్ అంటే సరస్సు.

మేం నలుగురం స్నేహితురాళ్ళం కాఠ్‌గోదాంలో రైలు దిగి, జీపెక్కి, 35 కిలోమీటర్ల మలుపుల దారిలో కొండెక్కేం. సముద్ర మట్టానికి దాదాపు 1,938 మీటర్ల ఎత్తు. చివరి మలుపు తిరగ్గానే చుట్టూ కొండలు, మధ్యలో పచ్చటి నీళ్ళు, ఒడ్డున నీళ్ళలోకి వంగిన చెట్లు. ఎవరికీ నోటమాట రాలేదు. సరస్సుకి ఈ కొసన ఉన్న పేట తల్లీతాల్, ఆ కొసన ఉన్నది మల్లీతాల్. కుమావునీ భాషలో తల్లీ అంటే కిందిది, మల్లీ అంటే పైది. తెలుగు చెవికి మాత్రం అక్కడ అమ్మే వినిపిస్తుంది. వినిపించనీ, తప్పేముంది? ఆ సరస్సు నిజంగానే అమ్మవారిది.

సతీదేవి శరీరాన్ని శివుడు భుజాన వేసుకుని తిరుగుతుంటే విష్ణువు చక్రంతో ముక్కలు చేశాడనీ, కన్ను పడిన చోటే ఈ సరస్సనీ కథ. ఈ కథ మనకు కొత్తది కాదు. అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక అందరూ ఆ శరీరంలోంచి వచ్చినవాళ్ళే. తండ్రి చేసిన అవమానం భరించలేక ప్రాణం తీసుకున్న ఒక ఆడదాని దేహం ముక్కలైతే తప్ప ఈ దేశంలో తీర్థాలు పుట్టలేదు! ఆ సంగతి అలా ఉంచితే, ఈ కథ ఇంకో విషయం కూడా చెబుతుంది. బారన్ రావడానికి ఎంతో ముందే ఈ నీళ్ళకొక పేరుంది, కథ ఉంది, ఏటా జరిగే జాతర ఉంది. స్కాంద పురాణంలోని మానసఖండం దీన్ని త్రిఋషి సరోవరం అంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొక్కుకి వచ్చేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. ఒడ్డున ఇల్లు కట్టుకునేవాళ్ళు కాదు. అమ్మవారి చోటు గనక. ఉన్నదాన్ని వాడుకోకుండా ఊరుకోవడం కూడా ఒక సంబంధమే. వచ్చినవాడి కళ్ళకి మాత్రం అది ఖాళీ స్థలంలా కనిపించింది.

బారన్ తన ప్రయాణాల గురించి 'యాత్రికుడు' అనే మారుపేరుతో రాశాడు. అవి 1844లో పుస్తకంగా వచ్చాయి. ఆయన రాతలోనే ఉన్న రెండు సంఘటనలు చదివితే, కనుక్కోవడం అనే మాటకి అర్థం బోధపడుతుంది.

మొదటిది. దారి చూపమంటే ఒక కొండమనిషి తనకి ఆ సరస్సు ఎక్కడుందో తెలీదన్నాడు. పవిత్రమైన చోటికి పరాయివాళ్ళని తీసుకెళ్ళడం అక్కడివాళ్ళకి ఇష్టం లేదు. బారన్ ఒక పెద్ద బండరాయి తెప్పించి అతని నెత్తిన పెట్టించాడు. 'నైనిటాల్‌లో రాళ్ళు దొరకవట, నా ఇంటికి ఈ రాయి కావాలి, అక్కడిదాకా జాగ్రత్తగా మోసుకురా' అన్నాడు. కొంత దూరం మోసి, బరువు ఓపలేక, అక్కడ రాళ్ళకేం కొదవ లేదని అతనే నోరు జారాడు. తెలీదన్నవాడికి ఈ సంగతెలా తెలిసింది మరి? అలా దారి దొరికింది. బారన్ దీన్ని తన తెలివికి నిదర్శనంగా రాసుకున్నాడు. చదివే మనకి మాత్రం నెత్తిన రాయితో కొండెక్కే మనిషి మెడ కనిపిస్తుంది.

రెండోది. ఆ భూమి తనదన్న స్థానిక పెద్ద పేరు నూర్ సింగ్. నర్ సింగ్ అని కూడా రాస్తారు. మైదానాల నుంచి మోయించి తెచ్చిన పడవలో బారన్ అతన్ని ఎక్కించుకుని సరస్సు నడిమధ్యకి తీసుకెళ్ళాడు. అతనికి ఈత రాదు. హక్కు వదులుకుంటావా, నీళ్ళలో పడతావా? నోటుబుక్కులో పెన్సిలుతో రాయించుకుని ఒడ్డుకి తెచ్చాడు. తర్వాత అదే నూర్ సింగ్‌కి నెలకి 5 రూపాయల జీతం మీద పట్వారీ ఉద్యోగం ఇచ్చారు. తన నేలకి తనే గుమాస్తా! టూరిస్టు పుస్తకాల్లో ఈ కథ కూడా ఉంటుంది, సరదా కథగా. బెదిరించి రాయించుకున్న కాగితాలు సరదా ఎలా అవుతాయో ఆడవాళ్ళకి అర్థం కాదు. పుట్టింటి ఆస్తిలో వాటా వద్దని సంతకం పెట్టమంటూ చుట్టూ నిలబడిన పడవలు మనకీ తెలుసు.

1842లో బారన్ ఇల్లు లేచింది. కొన్నేళ్ళకే ఊరు ఊరంతా లేచింది. వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వానికి వేసవి మకాం ఇదే అయింది. చర్చీ, క్లబ్బూ, బళ్ళూ, బంగళాలూ వచ్చాయి. సరస్సు వెంట మాల్ రోడ్డు రెండంతస్తులుగా వేశారు. పైది తెల్లవాళ్ళకి, కిందిది మనవాళ్ళకీ గుర్రాలకీ. ఇప్పుడు ఎవరైనా ఏ రోడ్డు మీదైనా నడవొచ్చు. కానీ రెండు రోడ్లూ అలాగే ఉన్నాయి.

ఇవన్నీ ఎవరు మోశారు? పియానోలు, ఇనప పొయ్యిలు, కిటికీ అద్దాలు, దొరసానుల డాండీలు అన్నీ మనుషుల భుజాల మీదే కొండెక్కాయి. కుమావూన్‌లో 'కూలీ బేగార్' అనే వెట్టి ఉండేది. ప్రతి ఊళ్ళోనూ రిజిస్టరు. వంతు వచ్చినప్పుడు దొరగారి సామాను మొయ్యాలి. మజిలీల దగ్గర పాలూ గడ్డీ కట్టెలూ ఇవ్వాలి. రిజిస్టర్లోకి ఎక్కింది మగవాళ్ళ పేర్లు. మరి మగవాడు వంతుకి పోయిన రోజుల్లో చేను చూసిందెవరు? ఆ ఇవ్వాల్సిన పాలు పితికిందీ, గడ్డి కోసిందీ, కట్టెలు కొట్టి తెచ్చిందీ ఎవరు? ఇప్పటికీ ఆ కొండల్లో గడ్డిమోపుల కింద కదిలే కాళ్ళు ఆడవాళ్ళవే. వెట్టి పురుషుడి పేరుమీద రాసిన ఇంటిల్లిపాది చాకిరీ. 1921 జనవరిలో ఉత్తరాయణి జాతరకి బాగేశ్వర్‌లో చేరిన వేలమంది ఆ రిజిస్టర్లని సరయూ నదిలోకి విసిరేశారు. రిజిస్టర్లో పేరు లేనివాళ్ళకి కూడా అది విడుదలే. కానీ వాళ్ళ పేరు మొదటా లేదు, చివరా లేదు.

పేర్ల సంగతి నన్ను ఎక్కువగా కుదిపింది 1880 దగ్గర. ఆ ఏడు సెప్టెంబరు 18న, ఎడతెరిపి లేని వానల తర్వాత, మల్లీతాల్ పైనున్న షేర్ కా డాండా కొండ జారింది. పొద్దున ఒక పెళ్ళ విరిగి విక్టోరియా హోటల్ ఆవరణ మీద పడింది. చిక్కుకున్నవాళ్ళని తియ్యడానికి సైనికులు, పోలీసులు, కూలీలు వెళ్ళారు. వాళ్ళు తవ్వుతుండగానే మధ్యాహ్నం కొండ మళ్ళీ విరిగింది. హోటలూ, అసెంబ్లీ రూములూ, ఒడ్డున ఉన్న అమ్మవారి గుడీ నిమిషాల్లో కొట్టుకుపోయాయి. 151 మంది చనిపోయారు. 43 మంది యూరోపియన్లు, 108 మంది భారతీయులు. జారిన మట్టి పరుచుకున్న చోటే ఇవాళ పిల్లలు క్రికెట్ ఆడే 'ఫ్లాట్స్' మైదానం. గుడిని 1883లో మళ్ళీ కట్టారు.

ఊరికి పైన, దేవదారు చెట్ల మధ్య, సెయింట్ జాన్ చర్చిలో ఆ రోజు పోయిన యూరోపియన్ల పేర్లు ఇత్తడి ఫలకం మీద ఉన్నాయి. ఒక్కొక్క పేరూ చదివాను. చదివినకొద్దీ ఆ 43 మందీ మనుషులుగా మారేరు. 108 మాత్రం 108గానే ఉండిపోయింది. వాళ్ళలో ఎందరు ఇతరుల్ని కాపాడబోయి పోయారో, ఎందరు ఆయాలో, ఎందరి పిల్లలు సాయంత్రం దాకా గుమ్మంలో చూస్తూ కూచున్నారో ఆ అంకె చెప్పదు. ఏడవడానికి కూడా పేరు కావాలి.

కొండ జారిన మరుసటేడు, 1881లో, ఆ ఊరి పోస్టుమాస్టరు క్రిస్టఫర్ కార్బెట్ చనిపోయాడు. ఆయన కొడుకే పులుల వేటగాడుగా, తర్వాత అడవుల ప్రేమికుడిగా పేరుపొందిన జిమ్ కార్బెట్. నైనిటాల్‌లో ఎవర్నడిగినా జిమ్ పేరు చెబుతారు. తల్లి మేరీ జేన్ పేరు ఎంతమంది చెబుతారు? 1857 తిరుగుబాటు రోజుల్లో మొదటి భర్తని పోగొట్టుకుని, చిన్న వయసులోనే పిల్లలతో మిగిలిన మనిషి ఆవిడ. రెండోసారి వితంతువయ్యేనాటికి సంసారం ఇంకా పెద్దది. వేసవికి వచ్చే తెల్లవాళ్ళకి ఇళ్ళు కుదిర్చి అద్దెకిప్పించే వ్యాపారం నడిపి ఇంటిని నిలబెట్టింది. ఆయర్‌పాటా కొండ మీదున్న గర్నీ హౌస్‌ని అందరూ జిమ్ కార్బెట్ ఇల్లు అంటారు. నిజానికది మేరీ జేన్ లెక్కలు కట్టి నడిపిన ఇల్లు. ఆ తర్వాత కూతురు మ్యాగీ. పెళ్ళి చేసుకోకుండా తమ్ముడి ఇల్లు నడిపింది. 1947లో అతనితో పాటు కెన్యా వెళ్ళిపోయింది. కార్బెట్ జీవితం గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం, ఆయన పోయాక ఆవిడ చెప్పిన జ్ఞాపకాల వల్లే మిగిలింది.

మేరీ జేన్‌ని తలుచుకుని ఊరికే సంబరపడలేం. ఆవిడ అద్దెకిచ్చిన ఇళ్ళలోకి సామాను మోసింది ఆ కూలీలే. స్త్రీ కావడం ఆవిడ్ని పాలకుల జాతిలోంచి బయటికి తియ్యలేదు. ఒక స్త్రీ పేరు చరిత్రలో చేర్చినంత మాత్రాన చరిత్ర స్త్రీలది అయిపోదు. కింది రోడ్డు మీద నడిచినవాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాలి.

అలా వెళ్తున్నవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. 1990లో నైనిటాల్ నుంచి ఉమా భట్ట్, మరికొందరు మిత్రులు కలిసి 'ఉత్తరా' అనే స్త్రీల త్రైమాసిక పత్రిక మొదలుపెట్టారు. హిందీ పత్రిక. కొండ ఊళ్ళ ఆడవాళ్ళ బతుకులు, అడవి పోరాటాలు, సారా వ్యతిరేక ఉద్యమాలు అందులోకి ఎక్కాయి. 1984లో కుమావూన్‌లో 'మత్తు వద్దు, ఉపాధి ఇవ్వండి' అనే ఉద్యమం ఊరూరా పాకింది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో మన రోసమ్మా ఆమె తోటివాళ్ళూ సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఈ రెండు చోట్ల ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. కానీ తాగొచ్చిన మగవాడి దెబ్బలకీ, ఖాళీ అయిన బియ్యం డబ్బాకీ అనువాదం అక్కర్లేదు.

నైనిటాల్‌కి కొంచెం దూరంలో రామ్‌గఢ్ ఉంది. హిందీ కవయిత్రి మహాదేవి వర్మ 1930లలో అక్కడొక ఇల్లు కట్టించుకుని 'మీరా కుటీర్' అని పేరు పెట్టుకున్నారు. స్త్రీల సంకెళ్ళ గురించి ఆమె రాసిన వ్యాసాలు 1942లో పుస్తకంగా వచ్చాయి. ఇప్పుడా ఇంట్లో సాహిత్య పీఠం నడుస్తోంది. ఒక ఆడమనిషి తన డబ్బుతో, తన పేరు మీద, రాసుకోవడం కోసం కొండ మీద ఇల్లు కట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతా? టూర్ ప్యాకేజీల్లో మాత్రం రామ్‌గఢ్ అంటే యాపిల్ తోటలే.

భాద్రపదంలో నైనిటాల్‌లో నందాదేవి ఉత్సవం జరుగుతుంది. అరటి బోదెలతో నంద, సునంద విగ్రహాలు చేస్తారు. నంద ఆ కొండలకి ఆడపడుచు. పుట్టింటికి వచ్చి, మళ్ళీ అత్తింటికి, కైలాసానికి, వెళ్ళిపోతుంది. చివరిరోజు విగ్రహాల్ని సరస్సులో కలుపుతుంటే ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారట. మన బతుకమ్మని చెరువుకి సాగనంపేటప్పుడు గొంతులో పడే జీరే అది. సరస్సు ఎవరిదని ఆ ఆడవాళ్ళని అడిగితే బారన్ పేరు చెప్పరు.

ఇదంతా పాతకథ అని వదిలెయ్యడానికి లేదు. 1880 తర్వాత కొండల నీళ్ళు సక్రమంగా సరస్సులోకి దిగడానికి కాలవలు కట్టారు. ఊరు ప్రాణం వాటిల్లో ఉంది. వాటి పక్కన ఎంత బరువు పెట్టాలో, ఏ వాలు మీద కట్టకూడదో ఊరికి తెలుసు. తెలిసీ హోటళ్ళు లేస్తూనే ఉన్నాయి. 2017 వేసవిలో సరస్సు అంచులు ఎండి, అడుగు మట్టి బయటపడింది. 2018 ఆగస్టులో మాల్ రోడ్డు ముక్క ఒకటి విరిగి సరస్సులో పడింది. విరిగింది కింది రోడ్డు. తల్లీతాల్ దిగువన బలియా నాలా ఒడ్డు ఏళ్ళ తరబడి కోసుకుపోతోంది. దాని అంచున ఇళ్ళున్న కుటుంబాలకి వానాకాలం వస్తే కంటిమీద కునుకు ఉండదు.

కొండ మళ్ళీ కదిలితే ముందుగా పోయేది కింద ఉన్నవాళ్ళే. అప్పుడు కూడా వాళ్ళు ఒక అంకెగానే మిగలకూడదంటే, వాళ్ళ పేర్లు ఇప్పుడే, బతికుండగానే రాసుకోవాలి. ఫలకాల కోసం కాదు. ఆ కొండ మీద ఏం కట్టాలో, ఏం కట్టకూడదో తేల్చేచోట వాళ్ళ మాట కూడా చెల్లడం కోసం.