క్వీన్స్‌లాండ్ ఎండలో తెల్ల చర్మం

ఆస్ట్రేలియాలో డెబ్బయ్యేళ్ళు నిండేలోగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ బయటపడుతుందని ఇక్కడి క్యాన్సర్ సంస్థలు చాలాకాలంగా చెబుతున్న లెక్క. వీటిలో ఎక్కువ భాగం ప్రాణం తీసేవి కావు, వేళకు కోసి తీసేస్తే నయమవుతాయి. వాటిలో కొన్నిటికి ముందు దశలో వచ్చే మచ్చల్ని వైద్యులు సోలార్ కెరటోసిస్ అంటారు, జనం సన్‌స్పాట్స్ అంటారు. బట్టతల మీద, నుదుటి మీద, చెవి అంచున, ముంజేతుల వెనక ఎర్రగా, పొలుసుగా లేస్తాయి. చాలాసార్లు కంటికి కనబడకముందే వేలికి తగులుతాయి, గరుకు కాగితం తడిమినట్టు. దూరం నుంచి చూసేవారికి ఇదంతా ఆ దేశపు ఎండ తీవ్రత అనిపిస్తుంది. ఎండ మాట నిజమే. కానీ ఎండ ఒక్కటే ఈ జబ్బు తేలేదు. ఆ ఎండకు తట్టుకోలేని చర్మాన్ని తెచ్చి ఇక్కడ నాటారు, తట్టుకోగల చర్మాన్ని చట్టం పెట్టి మరీ వెళ్ళగొట్టారు. ఈ మచ్చలు ఆస్ట్రేలియా చరిత్ర వేసిన మచ్చలని, ఇప్పుడు వాటికి జరుగుతున్న వెలుగు వైద్యం ఆ చరిత్రకు కొనసాగింపేనని నా వాదన.

ఈ ఖండంలో ఆదిమవాసులు 50 వేల ఏళ్ళకు పైగా ఉంటున్నారు. వాళ్ళలో ఎండవల్ల వచ్చే చర్మ క్యాన్సర్ చాలా అరుదు. 1788లో మబ్బుపట్టిన బ్రిటన్ నుంచి తొలి ఓడలు సిడ్నీకి చేరాయి. తర్వాతి వందేళ్ళలో వలస ఉత్తరానికి, ఉష్ణమండలానికి పాకింది. క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో పని తెల్లవాళ్ళవల్ల కాదని యజమానులే అనుకున్నారు. 1863 నుంచి 1904 దాకా పసిఫిక్ దీవుల నుంచి సుమారు 62 వేలమందిని కొందరిని ఒప్పించి, కొందరిని మోసగించి, కొందరిని ఎత్తుకొచ్చి ఆ తోటల్లో దింపారు. 1901లో ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడగానే చేసిన తొలి చట్టాల్లో రెండు ఈ సంగతి గురించే: ఒకటి తెల్లవారు కానివాళ్ళ రాకను ఆపింది, రెండోది ఆ దీవులవాళ్ళను తిరుగు ఓడ ఎక్కించింది. తెల్ల కూలీలతో పండించిన చక్కెరకు ప్రభుత్వం సొమ్ము కలిపి ఇచ్చింది. అంతటితో ఒక ప్రశ్న మిగిలింది. ఈ వేడిలో తెల్లవాడు తరతరాలు బతకగలడా? ఆ సంగతి తేల్చడానికి 1910లో టౌన్స్‌విల్‌లో ఉష్ణమండల వైద్య సంస్థ పెట్టారు, ఆంటన్ బ్రైనల్ దాని మొదటి డైరెక్టర్. 1920లో బ్రిస్బేన్‌లో జరిగిన వైద్య మహాసభ, తెల్లవాడు ఉష్ణమండలంలో స్థిరపడటానికి అడ్డేమీ లేదని తేల్చింది. వైద్యుల దృష్టి మలేరియా మీద, కొంకిపురుగు మీద, పారిశుధ్యం మీద నిలిచింది. వాటిలో వాళ్ళు గెలిచారు కూడా. అయితే అంతకు రెండేళ్ళ ముందే, 1918లో, నార్మన్ పాల్ అనే సిడ్నీ వైద్యుడు ఎండవల్ల చర్మ క్యాన్సర్ ఎలా వస్తుందో ఒక పుస్తకమే రాశాడు. తెలిసిన విషయాన్ని రాజ్యం తన ఆశయం ముందు పక్కన పెట్టింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

తెలుగువారికి ఈ చరిత్రతో ఒక ముడి ఉంది. సిడ్నీకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీకి క్వీన్స్‌లాండ్‌లోనూ ఫిజీలోనూ మిల్లులు ఉండేవి. ఇక్కడ తెల్ల కూలీలకే పని అన్న కాలంలో ఫిజీలో ఆ కంపెనీ చెరకు నరికింది ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన భారతీయులు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఒకే పంట, ఒకే కంపెనీ; ఏ గట్టున ఎవరి వీపు మీద ఎండ పడాలో మాత్రం చట్టం నిర్ణయించింది. ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ ఎండ కష్టం పోయి సరదాగా మారింది. పగటిపూట సముద్రస్నానం మీద ఉన్న ఆంక్షలు పోయాయి, బీచ్ జీవితం దేశానికే గుర్తుగా నిలిచింది. 1937లో మాక్స్ డుపెయిన్ తీసిన ‘సన్‌బేకర్’ ఫోటోలో ఇసుక మీద తల వాల్చి పడుకున్న మనిషిని ఆస్ట్రేలియన్లు తమ ప్రతిరూపంగా చూసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జనాన్ని పెంచుకోవాలని పది పౌండ్ల టికెట్టు మీద బ్రిటిష్ కుటుంబాలను పిల్లాజెల్లాతో సహా రప్పించారు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఓజోన్ పొరకు చిల్లు పడింది కదా, తప్పు దానిది కాదా అని ఒకటి. ఆ చిల్లు వసంతంలో అంటార్కిటికా మీద ఏర్పడుతుంది, 1985లో లోకానికి తెలిసింది. పాల్ పుస్తకం అంతకు 67 ఏళ్ళ ముందుది. ఇక్కడ అతినీలలోహిత కిరణాలు ఎక్కువ కావడానికి అసలు కారణాలు అక్షాంశం, మబ్బులేని ఆకాశం, దక్షిణార్ధగోళపు వేసవిలో భూమి సూర్యుడికి కాస్త దగ్గరగా ఉండటం. రెండోది, ఇదంతా తెల్ల చర్మపు జన్యువుల సంగతే, చరిత్రతో పనేమిటి అని. దీనికి పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనంలో జవాబుంది. పదేళ్ళు నిండకముందే వలస వచ్చినవారికి మెలనోమా ముప్పు ఇక్కడ పుట్టినవారితో ఇంచుమించు సమానం. పదిహేను దాటాక వచ్చినవారికి అందులో నాలుగో వంతు మాత్రమే. మూలాలు అవే, చర్మం అదే. తేడా తెచ్చింది బాల్యంలో తిన్న ఎండ. అంటే ఏ వయసులో ఓడ ఎక్కించారన్నదే ముప్పును నిర్ణయించింది, అదేమో వలస విధానం చేసిన పని.

ఇప్పుడు వైద్యం దగ్గరికి వద్దాం. ఫోటోడైనమిక్ థెరపీ అనే ఈ పద్ధతికి మూలం 1900లో మ్యూనిక్‌లో ఉంది. అక్కడ ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, ఒక రంగు పదార్థంలో ఉన్న సూక్ష్మజీవులు వెలుగు పడితేనే చస్తున్నాయని గమనించాడు. పదార్థం విడిగా హాని చేయదు, వెలుగు విడిగా హాని చేయదు, రెండూ కలిస్తే కణం చస్తుంది. (బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం మన దేశంలో పాత వైద్యమే, అక్కడా పదార్థం, వెలుగు కలిసే పనిచేస్తాయి, కాకపోతే ప్రయోజనం వేరు.) నేడు ముందుగా మచ్చ మీది పొలుసు గీకి అమినోలెవులినిక్ ఆమ్లం జాతి క్రీము రాస్తారు. దాన్ని చర్మకణాలు రక్తవర్ణకం తయారీలో ఒక మెట్టు అయిన ప్రోటోపోర్ఫిరిన్‌గా మారుస్తాయి. దెబ్బతిన్న కణాల్లో అది ఎక్కువగా పోగుపడుతుంది. మూడు గంటల తర్వాత ఎర్ర దీపం వేస్తే ఆ పదార్థం ఆక్సిజన్‌ను ఉగ్రంగా మార్చి, కణాన్ని లోపలి నుంచే చంపేస్తుంది. దీపం వెలిగిన ఆ కొద్ది నిమిషాలూ మంట భరించడం కష్టం. ఫ్యాను పెడతారు, చల్లని నీళ్ళు చిలకరిస్తారు. ఈ నొప్పి తగ్గించడానికి కోపెన్‌హాగెన్ వైద్యులు దీపం మానేసి పగటి వెలుగునే వాడి చూశారు. ముందు సన్‌స్క్రీన్ రాసి, తర్వాత క్రీము రాసి, అరగంటలోగా రోగిని రెండు గంటలపాటు ఆరుబయట ఉంచుతారు. సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది, కంటికి కనిపించే వెలుగును ఆపదు. జింకు లాంటి తెల్లపూత ఆ వెలుగునూ ఆపేస్తుంది, అందుకే అది పనికిరాదు. 2014లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరీక్షలో వందమంది ముఖాల మీద రెండు పద్ధతులూ పోల్చారు. ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. నొప్పి మాత్రం పదికి 5.7 నుంచి 0.8కి పడిపోయింది. మచ్చ తెచ్చిన ఎండలోంచే మచ్చను తీసే వెలుగును విడదీసుకోవడం చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

అయినా ఈ వైద్యాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పకూడదు. మెల్‌బోర్న్‌కు చెందిన రాబిన్ మార్క్స్ బృందం 1980లలోనే చూపించింది: ఒక్కో మచ్చ ఏడాదిలో క్యాన్సర్‌గా మారే అవకాశం వెయ్యిలో ఒకటి కంటే తక్కువ, పైగా దాదాపు నాలుగో వంతు మచ్చలు వాటంతట అవే పోతాయి. మరి ఎందుకు చికిత్స? ఏది మారుతుందో చూసి చెప్పలేం గనుక. ముఖమంతా మచ్చలున్నవారికి, కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారికి ముప్పు చాలా ఎక్కువ గనుక. నెదర్లాండ్స్‌లో 624 మందిపై జరిగి 2019లో ప్రచురితమైన పరీక్షలో 5-ఫ్లోరోయురాసిల్ అనే చవక క్రీము ఏడాది తర్వాత సుమారు 75 శాతం మందిలో పనిచేసింది, వెలుగు వైద్యం 38 శాతం మందిలో. ఆ క్రీముతో ముఖం నాలుగు వారాలు ఎర్రగా పుండ్లు పడి ఉంటుంది, అది ఓర్చుకోలేనివారికి వెలుగు వైద్యం మంచి దారి. కానీ దానికి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ సొమ్ము రాదు. జీవితమంతా ఎండలో పనిచేసిన రైతుకూ కూలీకీ అది భారమే. అసలు మలుపు మరోచోట వచ్చింది. 1981లో విక్టోరియా క్యాన్సర్ సంస్థ టీవీలో ఒక సముద్రపు కాకి బొమ్మచేత చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని పాడించింది. క్వీన్స్‌లాండ్‌లోని నాంబూర్ ఊళ్ళో 1992లో మొదలైన పరీక్షలో రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. చర్మం నల్లబరిచే సోలారియం దుకాణాలను 2016 మొదలయ్యేసరికి అన్ని రాష్ట్రాల్లో నిషేధించారు. ఎండను సొంత సరదాగా కాక ప్రజారోగ్య విషయంగా చూడటం ఈ దేశం నేర్చుకుంది, 1920లో నేర్చుకోవలసిన పాఠం.

చామనఛాయ ఉన్న మనకు ఇదంతా ఎందుకన్న ప్రశ్న సబబైనదే. తెలుగు పిల్లలు కూడా ఇక్కడి బళ్ళలో టోపీ లేనిదే మైదానంలోకి వెళ్ళలేరు. ఆ నియమం ఎవరి చర్మాన్ని తలచుకుని పుట్టిందో తల్లిదండ్రులకు తెలియాలి. తెలియకపోతే కొందరు ఎండ అంటేనే భయపడి డి విటమిన్ తక్కువై బాధపడతారు, కొందరు అరిచేతుల్లో, అరికాళ్ళలో వచ్చే మెలనోమాను పట్టించుకోరు. ఆ మెలనోమా మన రంగువాళ్ళకూ వస్తుంది, ఎండతో దానికి సంబంధం లేదు. 2024లో ఇక్కడి చర్మ క్యాన్సర్ పరిశోధకులు జనాన్ని చర్మపు రంగును, ముప్పును బట్టి మూడు వర్గాలు చేసి వేరువేరు సలహాలు ప్రకటించారు. ముదురు చర్మమున్నవారు మామూలుగా సన్‌స్క్రీన్ రాసుకోనక్కర్లేదని, వాళ్ళకు ఎండ కావాలని అందులో ఉంది. 1901లో మనుషులను రంగును బట్టి ఏరివేసిన దేశంలో, వచ్చి చేరిన ప్రతి రంగుకూ ఏది మంచిదో విడిగా కనుక్కునే పని ఇప్పుడు జరుగుతోంది.