కత్తి దించి తుపాకీ పట్టిన కథ

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహసీలులో ఉంది తుష్నాబాద్ అనే ఊరు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే దీవి ఇది. ఇక్కడివాళ్ళకు ఇసుకంటే సముద్రం ఒడ్డున తడిసి, కాలికి అంటుకునేదే. అలాంటి చోట, రేకుల కప్పు మీద వాన దబదబలాడుతుంటే, ఫోనులో తెలుగు కౌబాయ్ సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ పెట్టుకుని చూడటంలో ఓ తమాషా ఉంది. తెర మీద గుర్రాలు ఇసుక రేపుకుంటూ పోతుంటాయి. ఆ ఇసుక టెక్సాస్‌ది అనిపించాలి. నిజానికది రాజస్థాన్‌ది. మాట్లాడేదేమో తెనాలి దగ్గరి బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ.

ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష అని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడినవాళ్ళు వీళ్ళలో చాలామంది. వాళ్ళు కౌబాయ్‌ని ఎన్నడూ చూసి ఎరగరు. ఆ మాటకొస్తే కౌబాయ్ సినిమాలు తీసిన ఇటలీవాళ్ళూ, మనవాళ్ళూ ఎరగరు. ఇటలీవాళ్ళు తీసిన కౌబాయ్ సినిమాలకు ‘స్పఘెట్టీ వెస్టర్న్’ అని పేరు పెట్టింది కూడా వెక్కిరింపుగానే. సేమ్యా తినేవాళ్ళకు గుర్రాలూ తుపాకులూ ఎందుకన్నది అందులోని ఎత్తిపొడుపు.

అసలు ఇటలీ తుపాకీ ఎందుకు పట్టింది? అప్పటికి అక్కడ కత్తి మొద్దుబారిపోయింది గనక. 1958లో స్టీవ్ రీవ్స్ అనే అమెరికన్ కండల వీరుడు హెర్క్యులిస్‌గా వేసిన సినిమా విపరీతంగా ఆడింది. దాంతో రోమ్ స్టూడియోలన్నీ రాజులు, రథాలు, రాక్షసులు, మల్లయోధుల మీద పడ్డాయి. సెర్జియో లియోనే పేరు మొదటిసారి దర్శకుడిగా తెర మీద పడింది కూడా అలాంటి ‘ది కొలోసస్ ఆఫ్ రోడ్స్’ (1961) అనే సినిమాతోనే. నాలుగైదేళ్ళకు జనానికి మొహం మొత్తింది. గుర్రాలున్నాయి, ఫైటర్లున్నారు, సెట్లు వేసేవాళ్ళున్నారు. లేనిదల్లా కొత్త కథే.

ఆ కథ జపాన్ నుంచి వచ్చింది. అకిరా కురసావా ‘యోజింబో’ (1961)లో ఊరూ పేరూ లేని ఒక సమురాయ్, రెండు ముఠాలు కొట్టుకుంటున్న ఊరికి వస్తాడు. ఇటువాళ్ళకు ఓసారి, అటువాళ్ళకు ఓసారి అమ్ముడుపోయి ఇద్దరినీ తుడిచిపెడతాడు. లియోనే ఆ సమురాయ్ చేతిలో కత్తి తీసి పిస్తోలు పెట్టి 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీశాడు. అడగకుండానే తీశాడు. జపాన్ కంపెనీ తోహో కోర్టుకెక్కితే చివరికి రాజీ కుదిరింది. ప్రపంచవ్యాప్త వసూళ్ళలో 15 శాతంతో పాటు జపాన్, తైవాన్, దక్షిణ కొరియా పంపిణీ హక్కులు అటు పోయాయి.

డబ్బు లేక పడ్డ తిప్పలే ఈ సినిమాల అందమయ్యాయి. పెద్ద స్టార్లను భరించలేక, టీవీ సీరియల్లో పశువులు తోలే కుర్రాడిగా కనిపించే క్లింట్ ఈస్ట్‌వుడ్‌ను 15,000 డాలర్లకు తెచ్చుకున్నారు. ఆయన బట్టలు కూడా చాలామటుకు ఆయనే కొనుక్కొచ్చుకున్నాడు. టెక్సాస్, మెక్సికోల బదులు స్పెయిన్‌లోని అల్మెరియా దగ్గర తబెర్నాస్ ఎడారి సరిపోయింది. నటులు ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడేసేవాళ్ళు. తర్వాత డబ్బింగ్ చెప్పుకునేవాళ్ళు. పెద్ద ఆర్కెస్ట్రాకు డబ్బుల్లేవు గనక ఎన్నియో మొరికోనె ఈల, కొరడా దెబ్బ, ఎలక్ట్రిక్ గిటార్‌లతో పని కానిచ్చాడు. పైగా ఇటలీ సినిమా అని తెలిస్తే జనం చూడరేమోనని టైటిల్స్‌లో పేర్లు మార్చేశారు. లియోనే బాబ్ రాబర్ట్‌సన్ అయ్యాడు, మొరికోనె డాన్ సావియో అయ్యాడు.

రెండేళ్ళలోనే ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) వచ్చేసరికి ఈ పేదరికమే ఒక శైలిగా నిలబడిపోయింది. అందులో మొదటి మాట వినపడేలోపు పది నిమిషాలు గడిచిపోతాయి. పద్యం అందుకుంటే గుక్క తిప్పుకోని నాటకాల మీద పెరిగిన మనకు ఇదో వింత. హీరో మాట్లాడడు. కళ్ళు చిట్లిస్తాడు, చుట్ట కొరుకుతాడు, దుప్పటి లాంటి పోంచో వెనక్కి నెట్టుకుంటాడు, అంతే. మంచివాడని కూడా అనలేం. మిగతావాళ్ళకంటే కాస్త తక్కువ చెడ్డవాడు. చివర్లో శ్మశానంలో ముగ్గురూ మూడు మూలల నిలబడి ఒకరినొకరు చూసుకునే నిమిషాల్లో కథేమీ నడవదు. నడిచేది సంగీతమే. ఈ సినిమాల ఆయుష్షు రహస్యం ఎక్కడుందని అడిగితే నేను ఆ చూపుల దగ్గరే వేలు పెడతాను. కాల్పులు క్షణంలో అయిపోతాయి. గుర్తుండేది అంతకుముందు బిగబట్టిన ఊపిరే. దానికి తర్జుమాతో పనిలేదు. ఆ శ్మశానం కోసం బుర్గోస్ దగ్గర స్పెయిన్ సైనికుల చేత ఐదు వేల ఉత్తుత్తి సమాధులు కట్టించారు. దాదాపు యాభై ఏళ్ళు మట్టిలో కూరుకుపోయిన వాటిని 2015 నుంచి అభిమానులే వచ్చి తవ్వి నిలబెట్టారు.

అరవైల్లో తెలుగు సినిమాలు తీసే మద్రాసులోనూ దాదాపు ఇటలీలాంటి పరిస్థితే. ఇక్కడా కత్తి మొద్దుబారుతున్న రోజులవి. విఠలాచార్య ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), కాంతారావు ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) లాంటి జానపదాల్లో గుర్రం స్వారీ, ముసుగు, గుహ, నిధి, పగ అన్నీ ఉన్నాయి. మన ప్రేక్షకుడికి అవన్నీ నోటికి వచ్చు. అరవైల చివరికొచ్చేసరికి రాకుమారుడి కిరీటం పాతబడింది. ‘గూఢచారి 116’ (1966)తో తెలుగు జేమ్స్‌బాండ్ అయిన కృష్ణకు కొత్త దారులు తొక్కే మోజుంది. సొంత సంస్థ పద్మాలయ మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’ దెబ్బతింది. తమ్ముడు ఆదిశేషగిరిరావుకేమో మద్రాసు థియేటర్లలో చూసిన లియోనే సినిమాలు, ‘మెకన్నాస్ గోల్డ్’ బుర్రలో తిరుగుతున్నాయి.

అలా మొదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’కు కథ రాయమని ఎవరి దగ్గరికి వెళ్ళారో చూడండి: ఆరుద్ర దగ్గరికి. ‘త్వమేవాహం’ రాసిన కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ అనే మహాయజ్ఞం చేసిన పండితుడు ఆయన. కౌబాయ్‌ని నేల మీదికి దించే ఉపాయం ఆయన దగ్గరే దొరికింది. బ్రిటిష్‌వాళ్ళు సంస్థానాలను ఒక్కొక్కటే మింగుతున్న కాలం తీసుకుని, అమరవీడు అనే రాజ్యం, దాని నిధి, ఆ నిధి చుట్టూ దొంగలూ మోసగాళ్ళూ అని కథ అల్లాడు. అంటే టోపీ అమెరికాది, కథ జానపదానిది. (తెల్లవాడి చట్టం పడమటి అమెరికాకు బండెక్కి తీరిగ్గా వెళ్ళింది, అండమాన్‌కు మాత్రం 1858లో సంకెళ్ళు వేసిన ఖైదీలతో సహా ఓడ దిగింది. ఈ దీవుల్లో కౌబాయ్ కథ పుట్టకపోవడానికి అదొక్కటి చాలు.)

దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ అప్పటికే విజయలలిత చేత ‘రౌడీరాణి’ (1970)లో ఫైట్లు చేయించి పేరు తెచ్చుకున్నవాడు. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. యూనిట్ మొత్తం రైలెక్కి బికనీర్ కోటకు, థార్ ఎడారికి, అక్కణ్ణుంచి సిమ్లా మంచుకూ వెళ్ళింది. సంగీతం ఆదినారాయణరావు. ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’లకు రాగాల్లో తేలే పాటలిచ్చిన ఆయన గుర్రపు డెక్కలకు బాణీ కట్టాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. దాదాపు 7 లక్షల రూపాయల ఖర్చుతో తీసిన రంగుల సినిమా 1971 ఆగస్టు 27న విడుదలై జనాన్ని ఊపేసింది. తమిళం, హిందీల్లోకే కాక ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్ళింది.

లియోనే సినిమాలు చూసినవాళ్ళకు అందులో ఏది ఎక్కడిదో తెలిసిపోతుంది. కురసావా సొమ్ము లియోనే తీసుకుంటే, లియోనే సొమ్ము మనవాళ్ళు తీసుకున్నారు. ఈసారి ఎవరూ కోర్టుకెక్కలేదు. కానీ మన కౌబాయ్ మౌనంగా ఉండడు. పాడతాడు, హీరోయిన్ విజయనిర్మలతో సరసాలాడతాడు, పగ తీర్చుకునే ముందు ఎందుకు తీర్చుకుంటున్నాడో వివరంగా చెబుతాడు. నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం అయితే ఇటాలియన్ విలన్ల దగ్గర నేర్చుకున్నదేమీ లేదు. మన పల్లెల్లో, రచ్చబండల మీద ఆ మనిషి ఎప్పటినుంచో ఉన్నాడు. ఆ లోపాయికారీ నవ్వు, ఆ నాలుక తిప్పడం లేకపోతే ఈ సినిమా ఇన్నాళ్ళు బతికేదని నేననుకోను. కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకు, 2023 మే 31న, దీన్ని 4కేలో మళ్ళీ విడుదల చేస్తే అది వచ్చినప్పటికి పుట్టని కుర్రాళ్ళు కూడా వెళ్ళి చూశారు.

తర్వాత ఆ టోపీ చాలా తలలు మారింది. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’లో పెట్టుకున్నాడు. అందులో మోహన్‌బాబు సుడిగాలి పాత్ర మళ్ళీ ఆ నక్కజిత్తుల కోవే. 2002 సంక్రాంతికి జయంత్ సి. పరాన్జీ ‘టక్కరి దొంగ’లో మహేశ్‌బాబు నెత్తికెక్కింది. తండ్రి కృష్ణ కూడా అందులో కాసేపు కనిపిస్తాడు. ఖర్చు, కెమెరా, గుర్రాలు అన్నిటికీ లోటు లేదు. అయినా అనుకున్నంత ఆడలేదు. అప్పటికి జానపదం చూసి పెరిగిన ప్రేక్షకుడే లేడు. టోపీ కింద తనవాడెవడో కొత్త ప్రేక్షకుడికి కనబడలేదు.

నిజానికి యోజింబో కథ మన దగ్గర టోపీ తీసేసి వేరే దారి పట్టింది. ఎండిన నేల, రెండు కక్షల కుటుంబాలు, మధ్యలో దిగే ఒంటరివాడు, ఎవరు ముందు కదులుతారో తేలని చూపుల పోటీ. ‘సమరసింహారెడ్డి’ (1999) నుంచి అదంతా రాయలసీమ ఫ్యాక్షన్ సినిమా అయింది. పిస్తోలు పోయి మళ్ళీ కత్తి వచ్చింది, వేటకొడవలి రూపంలో. ‘టక్కరి దొంగ’ తడబడిన 2002లోనే జూలైలో ‘ఇంద్ర’ దుమ్ము రేపింది. మరుసటి సంక్రాంతికి మహేశ్‌బాబు టోపీ లేకుండా, గుర్రం లేకుండా ‘ఒక్కడు’లో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ప్రకాశ్‌రాజ్ మనుషులను ఎదిరించాడు.