మేర, ప్రమాణము: తిరువళ్లూరు, తిరుత్తణి సీమల సరిహద్దు చరిత్ర

తెలుగున ‘మేర’ యను మాటకు మూడర్థములు కలవు. పొలిమేర యనునప్పుడు అది హద్దు. ‘ఇంతమేర’ యనునప్పుడు కొలత. కళ్లములో ధాన్యపురాశి నుండి తలారికి, నీరుగట్టికి, వడ్రంగికి, కమ్మరికి కొలిచి యిచ్చెడి వంతునకును మేర యనియే పేరు. కొలత లేనిదే వంతు తేలదు. వంతు తేలనిదే హద్దు నిలువదు. కావున ఈ మూడర్థములును ఒకే మాటలో ఇమిడియుండుట వింత గాదు. సంస్కృతమునుండి వచ్చిన ‘ప్రమాణము’ సైతము ఇట్టిదే. అది కొలబద్ద, సాక్ష్యము, ఒట్టు కూడను. ఇరుపక్షములును ముందుగా ఒప్పుకొన్న కొలతకే ప్రమాణమను పేరు తగును; ఒకరు మాత్రమే చేతబట్టిన కొలబద్ద ఉత్త కఱ్ఱ. తిరువళ్లూరు, తిరుత్తణి సీమల చరిత్రలో ఈ మాటలన్నియు పరీక్షకు వచ్చినవి.

తిరుత్తణికి చేరువనున్న తిరువాలంగాడులో రాజేంద్రచోళుని తామ్రశాసనము దొరకినది. సంస్కృత, తమిళ భాగములు గల 31 రేకుల యా శాసనము పళైయనూరు గ్రామమును ఆలయమున కిచ్చుటను తెలుపును. చోళుల దానశాసనములలో దానగ్రామమునకు హద్దు నిర్ణయించు తీరు కొన్నియెడల వర్ణింపబడినది. అధికారులును, ఊరివారును చూచుచుండగా ఆడయేనుగును పొలిమేర చుట్టును నడిపించెడివారు. ఏనుగు నడచిన దారియే హద్దు. నేటివారి కిది వేడుకగా దోచవచ్చును గాని, అందలి యాలోచన దృఢమైనది. అందఱ యెదుటను, అందఱకును తెలియునట్లు జరిగినదే ప్రమాణము.

తరువాతి కాలమున ఈ రెండు సీమలును రెండు పాలనలకు లోబడినవి. తిరువళ్లూరు ప్రాంతము 1763లో ఆర్కాటు నవాబు ఇంగ్లీషు కంపెనీ కిచ్చిన చెంగల్పట్టు జాగీరులోనిది. తిరుత్తణి కార్వేటినగర జమీందారీలోనిది. తెలుగు రైతు 20 తూములు ఒక పుట్టి యని లెక్కించెను. తమిళ రైతు 8 పడులు ఒక మరక్కాలనియు, 12 మరక్కాళ్లు ఒక కలమనియు లెక్కించెను. చెన్నపట్టణపు వర్తకునికి 400 మరక్కాళ్లు ఒక గరిసె. పేర్లు వేఱైనంత మాత్రమున చిక్కు లేదు, పేర్ల మధ్య లెక్క కట్టవచ్చును. చిక్కంతయు పాత్రలో నున్నది. ఒకే పేరు గల పాత్ర ఊరూరికిని మాఱుచుండెను. దానిని అంచునకు సరిగా గీసి కొలుచుట యొక తీరు, పైకి రాశిగా పోసి కొలుచుట యొక తీరు. ఇచ్చునప్పు డొక తీరును, పుచ్చుకొనునప్పుడు వేఱొక తీరును పాటించు నధికారి చేతిలో రైతు గింజలు ఎట్లు తఱుగునో చెప్పనక్కఱలేదు.

1767 మొదలు 1774 వఱకు బార్నార్డు జాగీరు గ్రామములను సర్వే చేసి, పొలము, ఇండ్లతో పాటు రాశి నుండి ఎవరెవరికి ఎంత మేర ముట్టుచున్నదో కూడ వ్రాయించెను. దొరతనమువారు ఒకే కొలతను కోరుటకు ముందు, ఉన్న కొలతలను తెలిసికొనవలసివచ్చినది. భూమి విషయమున మాత్రము పాతకొలతయే గెలిచినదనవచ్చును. 24 మనలు ఒక కాణి, మన యనగా 2,400 చదరపుటడుగులు. దానినే ‘గ్రౌండు’ అని పిలుచుచు నేటికిని చెన్నపట్టణమునను, తిరువళ్లూరునను ఇండ్లస్థలములు అమ్ముచున్నారు. చట్టము హెక్టారు చెప్పినను, బేరము గ్రౌండులోనే.

ధాన్యపు కొలతకంటె భాష కొలత కష్టతరము. 1816లో క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు వ్రాసిన పీఠిక తెలుగు, తమిళములు ఒకే కుటుంబమునకు చెందినవని నిరూపించెను. ఒకే కుటుంబమువారి నడుమ పంపకము వచ్చినప్పుడే తగవు ముదురును. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడగా తిరుత్తణి ఉత్తరార్కాటు నుండి అందు చేరెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రమునకు వచ్చెను. తమిళులు దీనికి సమ్మతింపలేదు. మ.పొ. శివజ్ఞానము నాయకత్వమున ఉత్తరపు సరిహద్దు ఉద్యమము నడచెను. తిరుపతిని సైతము వారు కోరిరి. చెన్నపట్టణమును పోగొట్టుకొన్న తెలుగువారి మనసులును అప్పటికి చల్లబడలేదు. చెంగల్పట్టు జిల్లాలోని తెలుగు గ్రామముల సంగతి యేమని వారడిగిరి. ఇరువురి మాటలోను సత్యము కలదు. ఇరువురి చేతను ఉమ్మడి కొలబద్ద లేదు.

ఏ పాత్రతో కొలువవలెను? రాష్ట్ర పునర్విభజన సంఘము 1955లో సాధారణముగా జిల్లాను ప్రాతిపదికగా గైకొనెను. జిల్లాతో కొలిచిన తిరుత్తణి ఆంధ్రమునకు, తెలుగు గ్రామములతో కూడ చెంగల్పట్టు మద్రాసునకు చెందును. తాలూకాతో కొలిచిన వేఱొక ఫలితము. కొలత పాత్రను ఎంచుకొనుటలోనే సగము తీర్పు దాగియున్నది. మధ్యవర్తిగా వచ్చిన హరి వినాయక్ పాటస్కరు గ్రామమును ప్రాతిపదికగా నిర్ణయించెను. దానికి రెండు షరతులు: గ్రామమున అధికసంఖ్యాకుల భాష, భూభాగము ఎడతెగక కలిసియుండుట. 1951 జనాభా లెక్కలు ఆధారము. ఈ సూత్రము సరిహద్దునకు ఇరువైపులను ఒకే విధముగా వర్తించెను. దాని బలమంతయు ఇందే కలదు. తిరుత్తణిని కోరువారు సత్యవేడును వదలుకొనవలెను. సత్యవేడును కోరువారు తిరుత్తణిని వదలుకొనవలెను. 1959లో పార్లమెంటు చట్టము చేసెను. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, మఱికొన్ని గ్రామములును మద్రాసు రాష్ట్రమునకు చేరెను. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల తెలుగు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. సత్యవేడు తాలూకా అట్లేర్పడినది.

తిరుత్తణి తానున్న చోటనే యుండి ఉత్తరార్కాటు, చిత్తూరు, చెంగల్పట్టు జిల్లాలను చూచి, 1997లో తిరువళ్లూరు జిల్లాలో చేరినది. 1888లో ఆ యూర తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, జన్మస్థలము రాష్ట్రము మాఱిన దినమున భారత ఉపరాష్ట్రపతిగా నుండిరి.

ఈ సూత్రము సర్వత్ర ఆదరింపబడలేదు. బెళగాము వివాదమున మహారాష్ట్రము దీనినే కోరగా, 1967లో మహాజన సంఘము గ్రామమును ప్రాతిపదికగా అంగీకరింపలేదు. తిరుత్తణి విషయమున ఇది ఫలించుటకు కారణము సూత్రముయొక్క గొప్పతనమొక్కటే కాదు. ఇరుపక్షములును కొలతకు ముందే కొలబద్దను ఒప్పుకొనుట ముఖ్యకారణము.

దాని కొఱత కూడ చెప్పవలెను. 1951 లెక్కలలో మాతృభాషతో పాటు, మనిషి వాడెడి రెండవ భాషను కూడ అడిగిరి. సరిహద్దు తీర్పునకు మొదటి జవాబే పనికివచ్చినది. ఇంట తెలుగు, సంతలో తమిళము మాటలాడెడివాడు ఏదో యొక గడిలోనే పడవలెను. నూటికి అఱువదిమంది తమిళులున్న గ్రామము తమిళ గ్రామమే. మిగిలిన నలువదిమంది ఆ కొలతలో కానరారు. గ్రామమును కొలుచుటకు చేసిన పాత్ర కుటుంబమును కొలువజాలదు. ఈ లోటును పూడ్చుట కన్నట్లు 1956లోనే రాజ్యాంగమున 350–ఏ అధికరణము చేరియుండెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధన కల్పించుటకు రాష్ట్రములు యత్నింపవలెనని దాని యాదేశము.

ఆ కాలమున దేశమంతట కొలతలు మాఱుచుండెను. 1957 ఏప్రిలు 1న రూపాయికి నూఱు నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు నుండి మెట్రికు తూనికలు క్రమముగా అమలునకు వచ్చెను. పడియు, వీశయు అంగళ్ల నుండి తొలగెను. కిలోగ్రాము తిరుత్తణిలోను, సత్యవేడులోను ఒక్కటే యగుటచే ఎవరికిని నష్టము లేదు. బియ్యమునకు మాతృభాష లేదు.

బడి విషయమున అట్లు కాదు. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళాభ్యసన చట్టము ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వఱకు అందఱు విద్యార్థులకును తమిళమును దశలవారీగా నిర్బంధము చేసినది. ఉన్న నేల భాషను నేర్చుట తెలుగు బిడ్డలకు మేలే, ఎందఱో నేర్చియున్నారు. ఐనను పాఠశాలలో తెలుగే ప్రథమభాషగా చదివిన బిడ్డను, ఇంట తమిళమే విన్న బిడ్డతో ఒకే ప్రశ్నపత్రమున కొలుచుట, రాశిగా పోసిన పడిని గీసిన పడితో సరిచూచుట వంటిది. ఈ చట్టము క్రిందికి వచ్చిన తొలి విద్యార్థులు పదవ తరగతికి చేరినది మొదలు అల్పసంఖ్యాకభాషల వారు న్యాయస్థానముల నాశ్రయించిరి. తమిళ పరీక్ష నుండి కొన్ని యేండ్లకు మినహాయింపులు పొందిరి; ఆ మినహాయింపులు ఒక్కొక్క యేటికి, ఒక్కొక్క తరగతికి వేఱువేఱుగా లభించినవి.